షుల్ట్స్ అనే జర్మన్ ఇంటిపేరు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది జర్మనీలోని హాలే పట్టణంలో. 1740లలో తెలుగు పుస్తకాలు అచ్చయిన ఊరు ఇది. అచ్చు వేయించినవాడు బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ క్రైస్తవ మిషనరీ. ఆ చరిత్ర చూద్దామని వచ్చే తెలుగువాళ్లను ఊళ్లో తిప్పడం నాకు అలవాటు. ఏ అపార్టుమెంటు గుమ్మం ముందు ఆగినా, కాలింగ్ బెల్ మీటల పక్కన పేర్ల చీటీల్లో ఒక షుల్ట్స్, ఒక షుల్ట్సె, ఆ పై అంతస్తులో ఒక షోల్ట్స్ కనిపిస్తారు. అక్కడినుంచి ప్రశ్నలు మొదలవుతాయి. జర్మన్ కుటుంబాలతో వియ్యమందినవాళ్లు, ఆఫీసులో పక్క కుర్చీలో షుల్ట్స్ ఉన్నవాళ్లు కూడా ఇవే అడుగుతుంటారు. జవాబులు చెప్పి చెప్పి, చివరికి రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## పేరు, పలుకు, అర్థం

షుల్ట్స్ అంటే అర్థం ఏమిటి?

గ్రామపెద్ద. ప్రాచీన జర్మన్‌లో స్కుల్ట్‌హైట్సో అనే మాట ఉండేది. అందులో మొదటి భాగానికి చెల్లించవలసిన బాకీ అని, రెండో భాగానికి ఆజ్ఞాపించేవాడు అని అర్థం. ప్రభువుకు రావలసిన పన్నులు, ధాన్యం, వెట్టిపనులు "కట్టండి, చేయండి" అని ఊరికి చెప్పే అధికారి అన్నమాట. మాట చాలా పాతది. ఇటలీని ఏలిన లాంబార్డుల రాజు రోతారి 643లో రాయించిన శాసనంలోనే స్కుల్దాహిస్ అనే అధికారి ఉన్నాడు. జర్మన్ నేల మీద అది షుల్ట్‌హైసె అయి, జనం నోళ్లలో అరిగి షుల్ట్సె, షుల్ట్స్‌గా మిగిలింది.

ఈనాటి జర్మన్‌లో కూడా షుల్ట్ అనే మాటకు అప్పు అనీ అర్థమే, తప్పు అనీ అర్థమే. మనకు అప్పుకూ తప్పుకూ మధ్య ఒక తకారమైనా అడ్డం ఉంది. వాళ్లకు అదీ లేదు.

షుల్జ్ అనాలా, షుల్ట్జ్ అనాలా, స్కల్జ్ అనాలా?

తెలుగు పత్రికల్లో షుల్జ్ అని కనిపిస్తుంది. ఇంగ్లీషు అలవాటు మీద వచ్చిన పలుకు అది. జర్మన్‌లో జెడ్ అక్షరానికి జకారం పలకదు, "త్స" పలుకుతుంది. ఈ విషయంలో తెలుగువాడు అదృష్టవంతుడు. "చాలు", "చలి" అన్నప్పుడు మన నాలుక పళ్లకు తగిలి పలికే దంత్య చకారం ఉందే, దాదాపు అదే ధ్వని. షుల్ అని, ఆ చకారాన్ని అచ్చు లేకుండా ఆపేస్తే షుల్ట్స్ వచ్చేసినట్టే. చివర ఇంగ్లీషు "ఈ" (E) అక్షరం ఉంటే షుల్ట్సె. జెడ్ ముందు టీ రాసినా రాయకపోయినా పలుకులో తేడా లేదు.

స్కూలుకూ ఈ పేరుకూ సంబంధం ఉందా? పూర్వం వీళ్లు బడిపంతుళ్లా?

లేదు. బడి అనే జర్మన్ మాట షూలె, అందులో దీర్ఘం ఉంటుంది. అది లాటిన్ నుంచి వచ్చింది. షుల్ట్స్ పుట్టింది బాకీ అనే మాట నుంచి. బడితో ముడిపడిన ఇంటిపేర్లు వేరే ఉన్నాయి: షూల్‌మైస్టర్ అంటే బడిపంతులు, షూలర్ అంటే చదువుకునేవాడు. షుట్స్ అనే మరో పేరును కూడా దీనితో కలిపేస్తుంటారు. దానికి విలుకాడు అని గానీ కావలివాడు అని గానీ అర్థం, వేరే పేరు.

## పదవి

షుల్ట్సె చేసే పని మన మునసబు పనిలాంటిదేనా?

చాలావరకు అలాంటిదే, కాస్త ఎక్కువ కూడా. శిస్తు వసూలు, పైనుంచి వచ్చిన ఉత్తర్వులు ఊరికి చెప్పడం, హద్దు తగాదాలు, చిన్న నేరాల విచారణ అతని చేతిలో ఉండేవి. ఊరి న్యాయసభలో పెద్ద కుర్చీ అతనిదే. పైకి ప్రభువు మనిషి. ప్రభువు ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఊరి తరఫున మాట్లాడవలసినవాడూ అతనే. ఆ ఇరకాటం ఏమిటో గ్రామాధికారుల కుటుంబాల్లో పెరిగినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

తూర్పు జర్మనీ పల్లెల్లో ఒక ఆచారం ఉండేది. ఊరిసభకు పిలవాలంటే షుల్ట్సె ఒక వంకర కర్రను పక్కింటికి పంపేవాడు, కబురు కాగితం ఉంటే దానికే కట్టి. ఆ ఇంటివాళ్లు చదువుకుని, తరువాతి ఇంటికి అందించాలి. కర్ర ఊరంతా తిరిగి మళ్లీ షుల్ట్సె గుమ్మానికి చేరితే కబురు అందరికీ అందినట్టు లెక్క. మన దండోరాకు డప్పు చప్పుడుంటుంది, దీనికి అదీ లేదు.

ఆ పదవి ఎలా వచ్చేది? తండ్రి తరువాత కొడుకుకేనా?

ప్రాంతాన్ని బట్టి ఉండేది. 12, 13 శతాబ్దాలలో ఎల్బె నదికి తూర్పున, అప్పటివరకు ఎక్కువగా స్లావ్ జాతులు ఉన్న నేలమీదకు జర్మన్ రైతులు వలస వెళ్లి కొత్త ఊళ్లు కట్టుకున్నారు. ప్రభువు నేరుగా రైతులను వెతుక్కునేవాడు కాదు. లోకాటర్ అనే గుత్తేదారుకు ఆ పని అప్పగించేవాడు. అతను రైతులను పోగుచేసి తీసుకురావాలి, భూమి కొలిచి పంచాలి, ఊరు నిలబెట్టాలి. ప్రతిఫలంగా ఆ ఊరి షుల్ట్సె పదవి అతనికి వంశపారంపర్యంగా దక్కేది. దానితోపాటు శిస్తులేని భూమి, న్యాయసభలో వసూలైన జరిమానాల్లో మూడో వంతు, చాలాచోట్ల సారాయి దుకాణమో పిండిమరో నడుపుకునే హక్కు ఉండేవి. భూమి కొలత హూఫె. తూర్పున వాడిన ఒక రకం హూఫె సుమారు 17 హెక్టార్లు, అంటే మన లెక్కలో నలభై ఎకరాల పైమాట. షుల్ట్సెకు అలాంటివి రెండు మూడు ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇలాంటివాడిని ఎర్బ్‌షుల్ట్సె, అంటే వారసత్వపు గ్రామపెద్ద అనేవారు. ప్రభువు తనకు నచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, నచ్చకపోతే దించేసే ఊళ్లలో అతను సెట్స్‌షుల్ట్సె. భూమితో ముడిపడిన ఈ గ్రామాధికార హక్కును జర్మన్ రాజ్యాల్లోకెల్లా పెద్దదైన ప్రష్యా తన తూర్పు రాష్ట్రాల్లో 1872 చట్టంతో రద్దుచేసింది. మన దగ్గర వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు 1984లో పోయాయి. పదవి పోయినా కరణం, మునసబు అన్న పిలుపులు కొన్ని ఇళ్లకు ఇంకా అంటుకునే ఉన్నట్టు, అక్కడా షుల్ట్స్ మిగిలింది.

నగరాల్లో కూడా షుల్ట్‌హైస్ ఉండేవాడట, నిజమా?

నిజమే. పూర్తి రూపమైన షుల్ట్‌హైస్ దక్షిణ, పశ్చిమ ప్రాంతాల్లో నగర న్యాయాధికారికి కూడా వాడేవారు. కవి గోయ్‌తె తల్లికి తండ్రి అయిన యోహాన్ వుల్ఫ్‌గాంగ్ టెక్స్టర్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి షుల్ట్‌హైస్. వుర్టెంబెర్గ్ పల్లెల్లో అయితే గ్రామాధ్యక్షుడిని 1930 దాకా ఆ పేరుతోనే పిలిచారు. బెర్లిన్‌లో అదే పేరుతో ఒక బీరు దొరుకుతుంది. ఆ పేరు పదవిది కాదు, 1853లో ఆ బీరు కార్ఖానా కొన్న యజమాని ఇంటిపేరు.

## పదవి నుంచి ఇంటిపేరుకు

ఇది ఇంటిపేరుగా ఎప్పుడు స్థిరపడింది?

ఒక తేదీ లేదు. జర్మన్ నేలలో తరతరాలకు నిలిచే ఇంటిపేర్లు 12వ శతాబ్దంలో దక్షిణ, పశ్చిమ నగరాల్లో మొదలయ్యాయి. ఊళ్లో పది మంది హాన్స్‌లు ఉంటే పన్ను లెక్క రాసే గుమాస్తాకు "షుల్ట్సె అయిన హాన్స్" అని గుర్తు రాసుకోక తప్పలేదు. తరువాతి తరంలో కొడుకు షుల్ట్సె కాకపోయినా గుర్తు అలాగే ఉండిపోయింది. ఉత్తర, తూర్పు పల్లెలకు ఈ అలవాటు ఒకటి రెండు శతాబ్దాలు ఆలస్యంగా చేరింది. ఉత్తర సముద్రతీరంలోని ఫ్రీజియన్లు మరీ మొండివాళ్లు. నెపోలియన్ 1811లో ఆజ్ఞ జారీ చేసేదాకా తండ్రి పేరునే ఇంటిపేరుగా ప్రతి తరానికీ మార్చుకుంటూ వచ్చారు.

పేరు షుల్ట్స్ కనుక మా అల్లుడిగారి పూర్వీకులు గ్రామపెద్దలే కదా?

అయి ఉండవచ్చు, కాకపోనూ వచ్చు. గ్రామపెద్ద కొడుకే కాదు, అతని పొలం కౌలుకు చేసినవాడు, అతని ఇంట్లో పాలేరుగా ఉన్నవాడు, పెద్దరికం వెలగబెడుతున్నాడని ఊరు వెక్కిరించినవాడు కూడా ఈ పేరు మోయవచ్చు. పొలానికి ఉన్న పేరు ఆ పొలం దక్కించుకున్నవాడికి వచ్చే పద్ధతి కూడా వెస్ట్‌ఫాలియాలో బలంగా ఉండేది. ఇల్లరికం వచ్చిన అల్లుడు తన పేరు వదిలేసి షుల్టె అయిపోయేవాడు. వియ్యాలవారి గొప్ప చెప్పుకోవడానికి ఈ పేరు ఒక్కటే ఆధారమైతే, కాస్త తగ్గించి చెప్పండి.

ఇంతమంది షుల్ట్స్‌లు ఉన్నారు, అందరూ ఒకే వంశమా?

కానే కాదు. ప్రతి ఊరికీ ఒక గ్రామపెద్ద ఉండేవాడు, కనుక ఊరికొకటిగా ఈ పేరు విడివిడిగా వేల చోట్ల పుట్టింది. జర్మనీలో ఎక్కువగా కనిపించే మొదటి పది ఇంటిపేర్లలో ఇదొకటి. ఆ జాబితాలో ముందున్నవి మ్యులర్, ష్మిట్, ష్నైడర్, ఫిషర్, వేబర్. అంటే మరవాడు, కమ్మరి, దర్జీ, జాలరి, నేతగాడు. ప్రతి ఊరికీ కావలసినవాళ్లే వీళ్లంతా. ఒకే ఇంటిపేరు కనుక సగోత్రమేమో, పెళ్లి కుదరదేమో అన్న మన లెక్క అక్కడ పనికిరాదు. షుల్ట్స్‌ను పెళ్లాడిన షుల్ట్స్‌లు కావలసినంతమంది ఉన్నారు.

## రూపాలు, ప్రాంతాలు

షుల్ట్స్, షుల్ట్సె, షోల్ట్స్, షుల్టె: ఇవన్నీ ఒకటేనా?

మాట ఒకటే, నేల వేరు. ఈ పేరులో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే: ఒక్క అచ్చు, ఒక్క హల్లు చూసి కుటుంబం ఎటువైపుదో ఊహించవచ్చు.

ఈశాన్యంలో, అంటే బ్రాండెన్‌బుర్గ్, మెక్లెన్‌బుర్గ్, పాత పొమెరానియా వైపు షుల్ట్స్. కొంచెం దక్షిణంగా, హాలే, లైప్‌ట్సిగ్, మాగ్డెబుర్గ్ ప్రాంతంలో చివర ఎకారంతో షుల్ట్సె. ఒకారం ఉన్న షోల్ట్స్ సైలీషియాది. ఆ ప్రాంతం ఇప్పుడు చాలావరకు పోలండ్‌లో ఉంది. 1945 తరువాత అక్కడి జర్మన్లను వెళ్లగొట్టడంతో షోల్ట్స్‌లు జర్మనీ అంతటా చెదిరిపోయారు. 2021 నుంచి 2025 దాకా ఛాన్సలర్‌గా ఉన్న ఒలాఫ్ షోల్ట్స్ పేరును మన పత్రికలు షోల్జ్ అని రాశాయి. వెస్ట్‌ఫాలియా, రూర్ ప్రాంతంలో షుల్టె. అక్కడి పల్లె భాషలో త్సకారం లేదు, టకారమే. హాంబుర్గ్, హోల్‌స్టైన్ వైపు షుల్ట్, హెస్సె, ఫ్రాంకోనియా, వుర్టెంబెర్గ్‌లలో పూర్తి రూపం షుల్ట్‌హైస్, లక్సెంబుర్గ్ సరిహద్దులో షోల్టెస్.

ఇదంతా ఎవరో ఊహించి చెప్పింది కాదు. ఫ్రైబుర్గ్, మైన్స్ విశ్వవిద్యాలయాల పండితులు 2005 నాటి టెలిఫోన్ కనెక్షన్ల ఆధారంగా జర్మన్ ఇంటిపేర్లకు పెద్ద పటాల సంపుటాలు వేశారు. ఒక్కొక్క రూపానికి ఒక్కొక్క రంగు చుక్కలు పెడితే మధ్యయుగపు మాండలిక సరిహద్దులు ఇప్పటికీ బయటపడతాయి.

ప్రేటోరియస్ కూడా షుల్ట్సేనట, అదెలా?

16, 17 శతాబ్దాలలో చదువుకున్న జర్మన్లకు తమ పేరును లాటిన్ చేసుకోవడం గొప్ప. రోమన్ న్యాయాధికారి ప్రేటర్ కనుక షుల్ట్సె కాస్తా ప్రేటోరియస్ అయ్యాడు. 1621లో చనిపోయిన సంగీతకర్త మిఖాయెల్ ప్రేటోరియస్ ఇంటివాళ్లు అసలు షుల్ట్సెలు. అర్థం మార్చకుండా ధ్వనికే లాటిన్ తొడుగు వేసుకున్నవాళ్లు స్కుల్టేటస్ అయ్యారు. పాత చర్చి రికార్డుల్లో పాదిరి ఒక ఏడు షుల్ట్సె అని, మరో ఏడు స్కుల్టేటస్ అని రాసినా మనిషి ఒకడే కావచ్చు.

షుల్ట్సె-డేలిచ్ లాంటి జంటపేర్లు ఎందుకు?

షుల్ట్సెలు మరీ ఎక్కువైపోయి ఎవరెవరో తెలియక. హెర్మాన్ షుల్ట్సె 1848లో ప్రష్యా జాతీయ సభకు ఎన్నికైనప్పుడు అక్కడ ఇంకా షుల్ట్సెలు ఉన్నారు. అందుకని తన ఊరు డేలిచ్‌ను పేరుకు తగిలించారు. మనలో ఊరిపేరు ఇంటిపేరు కావడం మామూలే, అక్కడ ఇంటిపేరు చాలక ఊరిపేరు అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

ఈయన పేరు మన దగ్గరికీ వచ్చింది. చేతివృత్తులవాళ్లు, చిన్న వర్తకులు తలా కొంత వేసుకుని అప్పులిచ్చుకునే సంఘాన్ని ఆయన 1850లో డేలిచ్‌లో పెట్టారు. 1890లలో మద్రాసు ప్రభుత్వం కోసం ఫ్రెడరిక్ నికల్సన్ యూరప్ సహకార బ్యాంకులను పరిశీలించి నివేదిక రాశాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చాక పల్లె సంఘాలకు రైఫైజెన్ అనే మరో జర్మన్ పెట్టిన పద్ధతి, పట్టణ సంఘాలకు షుల్ట్సె-డేలిచ్ పద్ధతి నమూనాలయ్యాయి. బాకీ కట్టమని ఆజ్ఞాపించే పేరున్నవాడు అప్పులిచ్చే బ్యాంకుకు ఆద్యుడు కావడం నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

వెస్ట్‌ఫాలియాలోని మ్యున్‌స్టర్ పల్లెల్లో మాత్రం కథ వేరు. అక్కడ షుల్ట్సె తరువాత పొలం పేరు వస్తుంది, తరచు మధ్యలో గీత కూడా ఉండదు. ప్రభువుకు చెందిన పెద్ద కమతాన్ని చూసుకుంటూ చుట్టుపక్కల కమతాల బాకీలు వసూలు చేసిన ఇల్లది.

పోలండ్, హంగరీ పేర్లలోనూ ఇదే ఉందా?

ఉంది. వలస రైతులతోపాటు వాళ్ల చట్టం, పదవి కూడా తూర్పుకు వెళ్లాయి. పోలిష్‌లో పదవి పేరు సౌతిస్ అయింది. పోలండ్ పల్లెల్లో ఎన్నికైన గ్రామపెద్దను ఇప్పటికీ అలాగే అంటారు. ఇంటిపేరుగా అక్కడ షుల్ట్స్ ధ్వనినే పోలిష్ అక్షరక్రమంలో రాస్తారు. హంగరీలో షోల్తేస్, లాత్వియాలో షుల్ట్స్ అనే మాటకు ఆ భాష ప్రత్యయం చేరిన రూపం ఉన్నాయి. ఇలాంటి పేరున్నంత మాత్రాన ఆ కుటుంబం జర్మన్ అని చెప్పలేం.

## పాత రికార్డుల్లో వెతికేటప్పుడు

పూర్వీకులను వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పేరుతో కాదు, ఊరితో. షుల్ట్స్ అని వెతికితే సముద్రంలో చేయి పెట్టినట్టే. తాత పుట్టిన ఊరు తెలిస్తే దారి ఉంది. ప్రష్యాలో 1874 అక్టోబరు నుంచి, మొత్తం జర్మన్ సామ్రాజ్యంలో 1876 జనవరి నుంచి జననం, వివాహం, మరణం ప్రభుత్వ రిజిస్టర్లలో నమోదయ్యాయి. జర్మన్ చట్టం ప్రకారం జనన నమోదు 110 ఏళ్ల తరువాత, వివాహం 80 ఏళ్ల తరువాత, మరణం 30 ఏళ్ల తరువాత అందరికీ చూపిస్తారు. అంతకుముందే కావాలంటే మీరు నేరుగా వారసులని రుజువు చూపాలి. 1874కు వెనక ఉన్నది చాలావరకు చర్చి పుస్తకాల్లో ఉంటుంది. ప్రొటెస్టంట్ల పుస్తకాలకు ఆర్కియాన్, క్యాథలిక్కులవాటికి మాట్రికులా అనే ఆన్‌లైన్ భాండాగారాలు ఉన్నాయి. చాలా ఊళ్లలో ముప్పై ఏళ్ల యుద్ధంలో, అంటే 1618–1648 మధ్య, పాత పుస్తకాలు కాలిపోయాయి. అక్కడ దారి ఆగిపోతుంది.

పుస్తకంలో షుల్ట్సిన్ అని ఉంది. ఇది వేరే ఇంటిపేరా?

కాదు, ఆమె ఆడమనిషి, అంతే. 18వ శతాబ్దం దాకా, కొన్నిచోట్ల ఆ తరువాత కూడా, స్త్రీ ఇంటిపేరుకు చివర "ఇన్" చేర్చి రాసేవారు. తండ్రి షుల్ట్స్, కూతురు షుల్ట్సిన్. వంశవృక్షంలో రాసుకునేటప్పుడు ఆ ప్రత్యయం తీసేయండి.

తండ్రి పేరులో టీ ఉంది, కొడుకు పేరులో లేదు. తప్పుడు మనిషిని పట్టుకున్నానా?

బహుశా కాదు. ప్రభుత్వ రిజిస్టర్లు వచ్చేదాకా ఇంటిపేరుకు స్థిరమైన అక్షరక్రమమే లేదు. పాదిరి చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేవాడు, ఒకే పేజీలో రెండు రకాలుగా కూడా. టీ ఉందా లేదా, చివర ఎకారం ఉందా లేదా అన్నది 1874కు ముందు లెక్కలోకి తీసుకోకండి. ఊరు, తల్లి పేరు, వృత్తి, జ్ఞానస్నానానికి సాక్షులుగా నిలిచినవాళ్లు కలిశారా అని చూడండి.

కంప్యూటర్ సహాయం కొంత ఉంది. జర్మన్ పేర్ల ధ్వనిని అంకెలుగా మార్చే కొలోన్ ధ్వనిపద్ధతి 1969లో వచ్చింది. అందులో షుల్ట్స్, షుల్ట్సె, షోల్ట్స్, టీతో రాసినా లేకుండా రాసినా, అన్నిటికీ ఒకే అంకె 858. అయితే షుల్టె 852కు, షుల్ట్‌హైస్ 8528కు పోతాయి. కనుక వెస్ట్‌ఫాలియా చుట్టాలు కావాలంటే విడిగా వెతకాలి.

ఆ పాత చేతిరాత ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఏం చేయాలి?

దాన్ని కుర్రెంట్ లిపి అంటారు. అక్షరాలన్నీ కోసుగా, ఒకదానిలాగే మరొకటి ఉంటాయి. యూ, ఎన్ రెండూ రెండేసి నిలువు గీతలే. తేడా తెలియడానికి యూ నెత్తిన చిన్న చంద్రవంక పెడతారు. షుల్ట్స్‌లో వెతకవలసింది ఆ వంకనే. ముందు వంక పట్టుకోండి, దాని పక్కన పొడుగ్గా పైకి లేచే ఎల్, చివర కిందికి తోకలా దిగే జెడ్ కనిపిస్తాయి. ఒక వారం రోజూ పావుగంట కూర్చుంటే కన్ను అలవాటు పడుతుంది.

షుల్ట్స్ వంశ చిహ్నం అని ఒక షాపులో ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. కొనవచ్చా?

గోడకు అందంగా ఉంటే కొనండి. జర్మన్ సంప్రదాయంలో చిహ్నం ఒక కుటుంబానిది, ఇంటిపేరుది కాదు. చిహ్నాలున్న షుల్ట్స్ కుటుంబాలు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి మీ వియ్యంకులదే అనడానికి వాళ్ల పూర్వీకుల కాగితాలు కావాలి.

## సముద్రాలు దాటాక

అమెరికాలో టీతోనే ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకు?

ఇంగ్లీషు అలవాటున్న నోటికి జెడ్ ఒక్కటే ఉంటే జకారం పలుకుతుంది. టీ ఉంటే అసలు పలుకు కొంత నిలుస్తుంది. టీ లేకుండా ఉండిపోయినవాళ్లూ ఉన్నారు, వ్యంగ్య చిత్రకారుడు చార్లెస్ షుల్జ్‌లాగా. 1982 నుంచి 1989 దాకా అమెరికా విదేశాంగ మంత్రిగా ఉన్న జార్జ్ షుల్ట్జ్ పేరులో టీ ఉంది, మొదట్లో సీ అక్షరం లేదు. 1930లలో న్యూయార్క్‌ను వణికించిన డచ్ షుల్ట్జ్ అనే దొంగల నాయకుడి అసలు పేరు ఆర్థర్ ఫ్లెగెన్‌హైమర్. అతను డచ్చివాడూ కాదు, షుల్ట్జూ కాదు.

తెలుగుకు వ్యాకరణం రాసిన షుల్జ్ కూడా ఈ పేరువాడేనా?

అవును. బెంజమిన్ షుల్ట్సె 1689లో జొన్నెన్‌బుర్గ్ అనే ఊళ్లో పుట్టాడు. ఓడెర్ నదికి తూర్పున, మధ్యయుగపు వలస రైతులు స్థిరపడ్డ ప్రాంతమది. ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పేరు స్వోయిన్‌స్క్. అతను 1719లో తమిళ తీరంలోని తరంగంబాడికి, తరువాత మద్రాసుకు వచ్చాడు. తెలుగు నేర్చుకుని 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. అది రెండు శతాబ్దాలకు పైగా రాతప్రతిగానే ఉండిపోయింది. 1743లో యూరప్ తిరిగి వెళ్లి, 1746, 1747 ప్రాంతంలో హాలేలో తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా వాటినే చెబుతారు. 1760లో హాలేలోనే చనిపోయాడు.

పేరు ఎలా రాయాలని కూడా అడుగుతారు. మామూలుగా టీతో, చివర ఎకారంతో రాస్తారు. అదే మనిషి హిందుస్తానీ వ్యాకరణం 1745లో ఇదే హాలేలో అచ్చయితే, ముఖపత్రం మీద లాటిన్ షష్ఠీ విభక్తిలో షుల్ట్సియీ అని వేశారు. అందులో టీ లేదు.